ఒక మెట్టు కింద

కోడలు టీ గ్లాసు బల్ల మీద పెట్టింది. పైన మూత పెట్టింది. ఏమీ అనకుండా వెనక్కి తిరిగి వంటింట్లోకి వెళ్ళిపోయింది.

రోజూ అయితే, "మావయ్యగారూ, ముందు టీ తాగండి, పేపరు ఎక్కడికీ పారిపోదు" అని ఏదో ఒకటి అనేది. ఈ రోజు గ్లాసు పెట్టిన చప్పుడు తప్ప ఇంకో చప్పుడు లేదు. అయినా మూత పెట్టడం మాత్రం మానలేదు. ఆ మూతే ఆయనకి ఎక్కువ గుచ్చుకుంది. ఠపీమని పెట్టి వెళ్ళి ఉంటే తనకీ కాస్త కోపం తెచ్చుకోవడానికి వీలుండేది.

"చూశారా వరస?" అంది భార్య దుప్పటి మడతపెడుతూ. "నిన్న రిహార్సల్ హాలు నుంచి వచ్చిన దగ్గర్నుంచీ ఇంతే. నాతో మాట్లాడుతోంది. మొగుడితో మాట్లాడుతోంది. పొద్దున్నే పాలవాడితో కూడా కబుర్లు చెప్పింది. మీ దగ్గరికొచ్చేసరికే నోటికి తాళం."

"అలిసిపోయి ఉంటుంది."

"అలిసిపోయినవాళ్ళు పాలవాడితో నవ్వుతారా?"

ఆయన పేపరు పైకెత్తి మొహానికి అడ్డం పెట్టుకున్నాడు.

కొడుకు చొక్కా గుండీలు పెట్టుకుంటూ గదిలోంచి వచ్చాడు. లిఫ్టులు బాగుచేసే ఉద్యోగం వాడిది. రాత్రి ఆ గదిలో మొగుడూ పెళ్ళాలు గట్టిగానే పోట్లాడుకున్నారు. గోడ ఇవతల పడుకున్న ఆయనకి మాత్రం కోడలి గొంతు ఒక్కటే వినపడింది. కొడుకు ఏమన్నాడో ఒక్క ముక్కా చెవిన పడలేదు.

"నాన్నా, ఒక్క మాట అడుగుతాను, సూటిగా చెప్పు. తను నిజంగానే నీకు తప్పుడు స్వరాలు చెప్పిందా?"

వంటింట్లో కుళాయి చప్పుడు ఆగిపోయింది.

చెప్పడానికి ఇంతకన్నా మంచి సమయం దొరకదని ఆయనకి తెలుసు. లేదురా అంటే చాలు, అక్కడితో అయిపోయేది.

"పాత టేపు కదరా" అన్నాడు. "అంతా గరగర. అందులో చిన్నపిల్ల. పొరపాటు ఎవరికైనా జరుగుతుంది."

ఎవరి పొరపాటో చెప్పలేదు. ఆ మాటని తెచ్చి గది మధ్యలో వదిలేశాడు. కొడుకు దాన్ని ఎత్తుకెళ్ళి తన పెళ్ళాం నెత్తిన పెట్టాడు.

"విన్నావా?" అని వంటింటివైపు అరిచాడు. "నాన్న నిన్నేమీ తిట్టట్లేదు. పొరపాటే అంటున్నాడు. ఒక్కసారి తప్పయిందని ఆయనతో అనేస్తే నీ సొమ్మేం పోతుంది?"

కుళాయి మళ్ళీ తిరిగింది, ఈసారి ధారగా.

"సరే, నేను పోతున్నా. ఎవరో పెద్దమనిషి రెండంతస్తుల మధ్య ఇరుక్కుపోయాడట. పొద్దున్నే ఫోను."

"అదృష్టవంతుడు" అంది భార్య. "బయటికి లాగడానికి నువ్వున్నావు."

ఆవిడ ఊరికే అందో, తనని చూసే అందో ఆయనకి తెలియలేదు. పేపరు దించి చూస్తే ఆవిడ దుప్పటి పెట్టెలో పెట్టేసి వెళ్ళిపోయింది.

* * *

బ్యాండులో అందరూ ఆయన్ని మంద్రం మాస్టారు అంటారు. పాటలో గొంతులు పైన పాడతాయి, వయొలిన్లు పరుగులు తీస్తాయి, జనం వాటినే వింటారు. అడుగున నేలలాంటిది ఒకటి ఉంటుంది. అది బేసు గిటారు. నేల ఉందని ఎవరూ పట్టించుకోరు, లేకపోతే మాత్రం అందరూ కూలబడతారు. పెళ్ళయిన కొత్త నుంచీ ఆయన ఆ పనిలోనే ఉన్నాడు, తమ్ముడి బ్యాండులో, డ్రమ్ముల పక్కన.

ఇప్పుడు తీస్తున్నది ఒక పాత పాట. దాన్ని మొట్టమొదట పాడిన గాయనికి సన్మానం చేస్తున్నారు. ఆవిడ ముందు వరసలో కూర్చుంటుంది. ఆ పాట ఆనాడు ఎలా ఉండేదో అచ్చం అలాగే వాయించాలని తమ్ముడి పట్టుదల. కానీ ఆ పాట బేసు ఎక్కడా రాసిపెట్టి లేదు. తర్వాత వచ్చిన రికార్డుల్లో వాద్యాలన్నీ మార్చేశారు. మొదటిది మిగిలింది ఈ ఇంట్లో ఉన్న పాత క్యాసెట్టులోనే. విని తీయాల్సిందే, వేరే దారి లేదు.

విని తీసింది కోడలు.

ఇంట్లో ఉన్న టేపురికార్డరుకి పక్కన ఒక మీట ఉంది. నొక్కితే టేపు రెట్టింపు వేగంతో తిరుగుతుంది. అంత గొప్ప గాయని గొంతూ చిట్టెలుక కీచుమన్నట్టు అయిపోతుంది. మొదటి రోజు అత్తాకోడళ్ళు పడీ పడీ నవ్వారు. అయితే ఆ వేగంలో, ఎక్కడో అడుగున ఉన్న బేసు పైకి తేలి మామూలు పాటలా చెవికి అందుతుంది. కోడలు దాన్ని ముక్క ముక్కగా విని, గొంతుతో పాడేది. ఆయన తీగల మీద పట్టుకునేవాడు. పిల్లకి విద్య నేర్పుతున్నట్టు కాలు మీద కాలేసుకుని కూర్చునేవాడు. నేర్చుకుంటున్నది తనే అని తనకి తప్ప ఎవరికీ తెలియదనుకున్నాడు.

పాట మొత్తం వచ్చేశాక కోడలు ఒక మాట చెప్పింది. "మావయ్యగారూ, ఈ టేపు బెల్టు సాగిపోయింది. నెమ్మదిగా తిరుగుతోంది. పాట మొత్తం ఒక మెట్టు కిందకి దిగి వినపడుతోంది. ఇక్కడ సాధన కుదిరింది కానీ, హాల్లో చిన్నమావయ్యగారి కీబోర్డుతో కలిపేటప్పుడు మీరు ఒక మెట్టు పైకి జరిగి వాయించాలి. మర్చిపోకండి."

"ఆ మాత్రం తెలియదటమ్మా నాకు" అన్నాడు.

నిన్న హాల్లో ఆయన చేతులు అలవాటైన చోటికే వెళ్ళాయి. ఇదివరకైతే మొదటి స్వరానికే చెవి తప్పు పట్టేసేది, చేతులు వాటంతటవే సర్దుకునేవి. నిన్న చెవి ఏమీ చెప్పలేదు. కళ్ళు మూసుకుని, తల ఊపుతూ, మైమరచినట్టు వాయించుకుంటూ పోయాడు. కళ్ళు తెరిచేసరికి ఇంకెవరూ వాయించడం లేదు. అందరూ ఆయన్నే చూస్తున్నారు. డ్రమ్ములాయన పన్ను సలిపినవాడిలా చెంప పట్టుకుని ఉన్నాడు.

"ఏంటన్నయ్యా ఇది?" అన్నాడు తమ్ముడు.

అప్పుడే ఆ మాట ఆయన నోట్లోంచి జారింది. "కోడలు పిల్ల నాకు ఇలాగే చెప్పిందిరా."

జారిందని రాత్రంతా తనకి తను చెప్పుకున్నాడు. జారడమేం కాదు. చేతికందిన అడ్డం వెతికి దాని వెనక్కి దూరాడు.

కోరస్ పాడేవాళ్ళ వరసలో చివరి కుర్చీలో ఉంది కోడలు. ఏదో అనబోయి లేచింది. ఆయన మొహం చూసింది. మళ్ళీ కూర్చుంది.

ఈ పాట కుదిరితే ఆ కుర్చీ తనదేనని, పాత పాటలన్నీ విని బ్యాండుకి తీసిచ్చే పనీ తనదేనని తమ్ముడు ఆ పిల్లకి మాటిచ్చి ఉన్నాడు. బట్టల కొట్లో పొద్దస్తమానం నిలబడి కాళ్ళు వాచే ఉద్యోగం మానేస్తానని ఇంట్లో ఒక్కొక్కరికీ విడివిడిగా చెప్పుకుని మురిసిపోయింది.

"రేపు నువ్వు రాకమ్మా. తర్వాత చూద్దాంలే" అన్నాడు తమ్ముడు. మెత్తగానే అన్నాడు.

* * *

భార్య కూరగాయలకి వెళ్ళింది. ఆయన కుర్చీ ఎక్కి బీరువా మీద నుంచి టేపురికార్డరు దించాడు. నిన్న రాగానే కోడలు దాన్ని గుడ్డలో చుట్టి పైన పెట్టేసింది.

ఆయన మనసులో ఒక చిన్న ఆశ మిగిలి ఉంది. సిగ్గుపడాల్సిన ఆశ. పిల్ల చెప్పింది కూడా తప్పేనేమో. టేపు బాగానే తిరుగుతోందేమో. అలా అయితే తను అన్నది పూర్తి అబద్ధం కాకుండా పోతుంది.

సొరుగులో కొడుకు చిన్ననాటి మౌతార్గన్ ఉంది. తమ్ముడు ఈ పాటని కీబోర్డు మీద ఏ స్వరంతో మొదలుపెడతాడో ఆయనకి తెలుసు. ఆ స్వరం ఊదాడు. వెంటనే టేపు పెట్టాడు. గాయని గొంతు ఆయనకి శుభ్రంగా వినపడుతుంది. పైన ఉండేవన్నీ శుభ్రంగానే వినపడతాయి.

ఆవిడ గొంతు మౌతార్గన్ కన్నా కింద నిలబడింది. సరిగ్గా ఒక మెట్టు కింద.

మళ్ళీ ఊదాడు. మళ్ళీ పెట్టాడు. మళ్ళీ అంతే. ఇంక ఆ ఆశ కూడా లేదు.

తర్వాత, ఎవరూ లేరు కదా అని, బేసు కోసం వెతికాడు. వయొలిన్లు వినిపించాయి. తాళం చప్పుడు వినిపించింది. వాటి అడుగుకి దిగుదామని చూస్తే అక్కడ ఏమీ లేదు. మెట్లు దిగుతూ దిగుతూ చివరి మెట్టు ఉందనుకుని కాలు వేస్తే గాలిలో పడ్డట్టు. టేపురికార్డరు మీద అరచెయ్యి ఆనించి పెట్టాడు. చేతికి సన్నగా అదురు తెలిసింది. ఏదో ఉందని తెలిసింది, ఏమిటో తెలియలేదు.

"కుర్చీలెక్కడం దేనికి? అడిగితే నేను దించేదాన్నిగా."

గుమ్మంలో కోడలు, డాబా మీద ఆరిన బట్టలు చంకలో పెట్టుకుని. నిన్నటి తర్వాత ఆయనతో అన్న మొదటి మాట అది.

"ఊరికే... చూద్దామని."

"చేత్తో చూస్తున్నారా?"

ఆయన చెయ్యి వెనక్కి లాక్కున్నాడు.

కోడలు బట్టలు మంచం మీద పడేసింది. ఒక్కొక్కటే మడతపెడుతూ, తలెత్తకుండా అడిగింది. "ఎప్పటి నుంచి వినపడటం లేదు మావయ్యగారూ?"

"ఎవరన్నారు? నా చెవులకేం? నువ్వు మెట్లు దిగుతుంటే గాజుల చప్పుడు..."

"గాజులు వినపడతాయి. నీళ్ళ మోటారు వినపడదు." ఆ పిల్ల గొంతులో ఎగతాళి లేదు. "మొన్న మోటారు తిరుగుతుంటే పక్కనే నిలబడి, కరెంటు పోయిందన్నారు. ట్యాంకు పొంగి పక్కవాళ్ళ పరుపు తడిసింది. అత్తయ్య మీకు మతిమరుపు వచ్చిందన్నారు. అవునవును, మతిమరుపే అన్నారు మీరు. ఎంత తొందరగా ఒప్పేసుకున్నారో! అప్పుడే తెలిసింది నాకు. మతిమరుపుకి ఎవరూ అంత సంతోషంగా ఒప్పుకోరు."

ఆయన చొక్కా మడతపెట్టి పక్కన పెట్టింది.

"అందుకే మీకు పైస్థాయిలో పాడి వినిపించాను. ఎలుక గొంతులో. నాకు అక్కర్లేదు ఆ మీట. మామూలుగా పెట్టినా నాకు వినపడుతుంది."

కూర్చున్నచోటే నేల చీలితే బాగుండనిపించింది ఆయనకి. ఇన్నాళ్ళూ పిల్ల ముందు కాలు మీద కాలేసుకుని కూర్చున్నది గుర్తొచ్చి, ఇప్పుడు ఎవరూ చూడకపోయినా కాళ్ళు దగ్గరికి లాక్కున్నాడు.

"మరి నిన్న నువ్వెందుకు చెప్పలేదు? అక్కడే అనొచ్చుగా, మా మావగారికి వినపడదని."

"అనొచ్చు. అంటే ఏమనేవారు? తప్పు చేసింది చాలక పెద్దాయన చెవుల మీదకి తోసేసింది అనేవారు. మీరు చెప్తారేమో అనుకున్నాను. తమ్ముడి ముందు సిగ్గుపడ్డారు, ఇంటికొచ్చాక చెప్తారు అనుకున్నాను. పొద్దున్న మీ అబ్బాయి అడిగినప్పుడైనా చెప్తారు అనుకున్నాను."

"అమ్మా..."

"జాలిపడి ఊరుకున్నాననుకోకండి. జాలి పొద్దుటితో అయిపోయింది."

"నేను చెప్తే నా చోటు పోతుందమ్మా" అన్నాడు. అన్నాక ఆ మాట తన చెవికే ఎబ్బెట్టుగా వినిపించింది.

"నాది పోయింది" అంది కోడలు. మడతపెట్టిన బట్టలన్నీ ఎత్తుకుని లోపలికి వెళ్ళిపోయింది.

* * *

గేటు దగ్గర హారన్ మోగింది. స్కూటరు మీద తమ్ముడు, వెనక సీటు మీద కూరగాయల సంచితో భార్య. దారిలో కలిశారట.

"టీ వద్దు వదినా, తొందర్లో ఉన్నాను."

"నేనింకా అడగందే?"

"అడుగుతావని ముందే అన్నాను."

"ఇప్పుడు అడగను ఫో" అని ఆవిడ నవ్వుతూ లోపలికి వెళ్ళి టీ పెట్టింది.

తమ్ముడు అన్న పక్కన కూర్చుని మోకాలి మీద చెయ్యేశాడు. "నిన్నటిది మర్చిపో అన్నయ్యా. పిల్లలకి పెద్దపని అప్పజెప్పడం నాది బుద్ధి తక్కువ. కోరస్‌కి వేరే అమ్మాయిని మాట్లాడాను, రేపటి నుంచి వస్తుంది. బేసు సంగతి ఎప్పట్లా మనమే చూసుకుందాం. గుర్తుందా, ఒక్కసారి వింటే చాలు, టీ చల్లారేలోపు పాట మొత్తం తీసేసేవాడివి. ఇదిగో, టేపు కూడా దించే ఉంచావు. రెండో చరణం పెట్టు. ఇప్పుడే తీసేద్దాం."

బేసు తెచ్చి తనే అన్న ఒళ్ళో పెట్టాడు. టేపు నొక్కాడు.

పాట మొదలైంది. కోడలు వంటింటి గుమ్మంలోకి వచ్చి నిలబడింది. భార్య టీ గ్లాసులతో వచ్చి ఆమె పక్కన ఆగింది. ఆయన ఎడమచేతి వేళ్ళు తీగల మీద ఒకచోట పెట్టాడు. తీశాడు. ఇంకోచోట పెట్టాడు.

"వింటున్నావా? అదుగో, అక్కడ దిగుతుంది చూడు. భలే దిగుతుంది కదూ!" తమ్ముడు తల ఊపుతున్నాడు. "ఊఁ, పట్టు మరి."

"ఆపరా."

"ఏం?"

"నాకు వినపడటం లేదు."

"పాతది కదా, గొంతు తగ్గిపోయింది దీనికి" అని తమ్ముడు శబ్దం పెంచాడు. "ఇప్పుడు?"

ఆయన తల అడ్డంగా ఊపాడు. తమ్ముడు ఇంకా పెంచాడు. గాయని గొంతు గది పట్టనంత పెద్దదయింది. పక్కింటి కిటికీ తెరుచుకుంది. "ఇప్పుడో?"

"ఆవిడ వినపడుతోంది. వయొలిన్లు వినపడుతున్నాయి. నాదే వినపడటం లేదురా" అన్నాడు. "చాలాకాలమయింది."

తమ్ముడు మెల్లగా టేపు ఆపేశాడు. భార్య గ్లాసులతోనే రెండడుగులు ముందుకి వచ్చింది.

"అయితే ఆ ట్యాంకు..." అంది ఆవిడ. "ఆ పరుపు... అయ్యో, నేను మిమ్మల్ని ఎన్నేసి మాటలన్నాను!"

తర్వాత అందరూ ఒక్కసారే ఆయన చుట్టూ చేరారు. భార్య కళ్ళు తుడుచుకుంది. తమ్ముడు భుజం పట్టుకుని, "నాకెందుకు చెప్పలేదన్నయ్యా, నేను పరాయివాడినా?" అన్నాడు. వెచ్చగా ఉంది ఆ చెయ్యి. నిన్నటి నుంచి ఎవరూ ఆయనతో ఇంత ప్రేమగా మాట్లాడలేదు.

"పాపం, చెవులు లేక ఈ పిల్ల ఏం చెప్తే అదే గుడ్డిగా వాయించావు" అన్నాడు తమ్ముడు. "ఇందులో నీ తప్పేముంది?"

ఆయనకి ఆ చెయ్యి ఇంకాసేపు భుజం మీద ఉంటే బాగుండనిపించింది. ఉండనిచ్చాడు. తల తిప్పకుండానే, గుమ్మంలో కోడలు కదలడం తెలిసింది.

"అయితే తప్పు నాదే అంటారు, చిన్నమావయ్యగారూ" అంది.

"తప్పని కాదమ్మా, కొత్తదానివి..."

"కాదురా" అన్నాడు ఆయన. "పిల్ల సరిగ్గానే చెప్పింది. టేపు నెమ్మదిగా తిరుగుతోంది, ఒక మెట్టు పైకి జరగమని చెప్పింది. నేనే జరగలేదు. జరగలేదని కూడా నాకు తెలియలేదు. అందరూ చూస్తుంటే... తన పేరు చెప్పేశాను."

భుజం మీద నుంచి చెయ్యి లేచిపోయింది.

భార్య ఆయన్ని చూసిన చూపులో జాలి అలాగే ఉంది కానీ, అడుగున ఇంకేదో వచ్చి చేరింది. ఆవిడ టీ గ్లాసు ఆయనకి ఇవ్వకుండా కిటికీ మీద పెట్టేసింది.

తమ్ముడు లేచి రెండడుగులు వేసి వచ్చాడు. బ్యాండు నడిపే మనిషి. బాధపడటానికి కూడా వాడికి ఎక్కువ తీరిక ఉండదు.

"సరే, అయిందేదో అయింది. ఇది ఈ గది దాటకూడదు. మంద్రం మాస్టారికి వినపడదట అని బయట పొక్కిందనుకో, మనల్ని మళ్ళీ ఎవరు పిలుస్తారు? నువ్వు ఎప్పట్లా వచ్చి నిలబడు అన్నయ్యా. నీ వైరు స్పీకరుకి పెట్టను. తీగల మీద వేళ్ళు ఆడిస్తుంటే చాలు. బేసు నేను కీబోర్డు మీద ఎడమచేత్తో వేసేస్తాను. ఎవరికీ తెలియదు. సన్మానం అయిపోయాక నెమ్మదిగా, మర్యాదగా మానేద్దువుగాని."

"అదే మంచిది" అంది భార్య, నేల చూస్తూ.

"మరి నా సంగతి?" అంది కోడలు.

"నీ సంగతి తర్వాత నేను చూస్తానుగా తల్లీ. మీ మావగారు ఒప్పుకున్నారు, మేమందరం విన్నాం. ఇంకేం కావాలి?"

"నన్నన్నది ఈ గదిలో కాదు."

తమ్ముడు విననట్టు స్కూటరు తాళాలు తీశాడు. "పద అన్నయ్యా, అక్కడ అందరూ వచ్చేసి ఉంటారు. వస్తున్నావుగా?"

ఆయన కోడలివైపు చూడలేదు.

"పద" అన్నాడు.

* * *

హాల్లో తమ్ముడే బేసు భుజానికి తగిలించి, వైరు కొసని స్పీకరు పెట్టె వెనక్కి తోసేశాడు. దూరం నుంచి చూస్తే పెట్టినట్టే ఉంటుంది.

"రండి రండి మాస్టారూ" అన్నాడు డ్రమ్ములాయన. "ఇవాళ ఎవరు చెప్పారు పాఠం? మనవరాలా?"

కోరస్ వాళ్ళు నవ్వారు. పాటగాడు మైకు పక్కకి తిప్పుకుని నవ్వాడు. ఆయన కూడా ఇంత నవ్వు తెచ్చుకున్నాడు. అలా నవ్వుతూ ఉండగానే హాలు తలుపు తోసుకుని కోడలు వచ్చింది. రావద్దన్న మనిషి వచ్చింది. నడిచి వచ్చినట్టుంది, మొహమంతా చెమట. ఎవరినీ పలకరించకుండా వెళ్ళి గోడవారగా నిలబడింది. చివరి కుర్చీ ఖాళీగానే ఉంది. దాంట్లో మాత్రం కూర్చోలేదు.

నవ్వు ఆగిపోయింది. "ధైర్యం చూడు" అని కోరస్‌లో ఎవరో సన్నగా అన్నారు. సన్నగా అన్నది కాబట్టి ఆయనకి స్పష్టంగా వినపడింది.

తమ్ముడు చెయ్యెత్తి దించాడు. పాట మొదలైంది.

బేసు ఎంత బాగా వస్తోందో చుట్టూ ఉన్న మొహాల్లో తెలుస్తోంది. పాటగాడు వెనక్కి తిరిగి ఆయనకి చెయ్యూపి మెచ్చుకున్నాడు. డ్రమ్ములాయన వాయిస్తూనే, అదీ దెబ్బంటే అన్నట్టు కన్ను కొట్టాడు. మోగని తీగల మీద వేళ్ళాడిస్తూ ఆయన ఆ మెప్పంతా తీసుకున్నాడు. నిన్న తన తప్పు మోయడానికి ఒక మనిషిని వెతికాడు. ఇవాళ ఇంకొకరి చేతిపని మెడలో వేసుకుని నిలబడ్డాడు.

పల్లవి అయ్యి చరణం ఎత్తుకునేసరికి ఆయన వేళ్ళు ఆగిపోయాయి. రెండు చేతులూ తీగల మీద నుంచి తీసేశాడు. పక్కకి వేలాడేశాడు.

బేసు మోగుతూనే ఉంది.

ముందు డ్రమ్ములాయన చూశాడు. ఆయన చేతులు చూశాడు, స్పీకరు చూశాడు, మళ్ళీ చేతులు చూశాడు. దరువు తప్పింది. తర్వాత పాటగాడు ఆగాడు. వయొలిన్లు ఒకటొకటిగా ఆగాయి. చివరికి కీబోర్డు కూడా ఆగిపోయింది.

"మాస్టారూ" అన్నాడు డ్రమ్ములాయన. హాస్యం ఏమీ మిగల్లేదు ఆ గొంతులో. "మరి ఇందాకటి నుంచి వాయిస్తున్నదెవరు?"

ఆయన తమ్ముడివైపు తిరగలేదు. తిరిగితే నోరు మూసుకుపోతుందని తెలుసు. ఎదురుగా ఉన్నవాళ్ళనే చూస్తూ ఒక అడుగు ముందుకి వేశాడు.

"నిన్న ఇక్కడ నిలబడే మీ అందరితో ఒక మాట అన్నాను" అన్నాడు. "మా కోడలి గురించి."

వెనక తమ్ముడి ఎడమచెయ్యి కీబోర్డు అడుగు స్వరాల మీద పడింది. చరణం మళ్ళీ మొదలయింది, బేసు ఒక్కటే, శబ్దం మీట చివరిదాకా పెంచి. కిటికీ అద్దాలు అదిరాయి. ఆయన కాళ్ళ కింద చెక్క వేదిక వణికింది. తన కాళ్ళే వణుకుతున్నాయనుకున్నాడు ఆయన. కూడదీసుకుని నిలబడి, దాచుకోకుండా, మొదటి నుంచి చెప్పడం మొదలుపెట్టాడు.

ఇంత నిశ్శబ్దంలో అందరూ చెవి దగ్గర చెయ్యి పెట్టుకుని ఎందుకలా ముందుకి వంగుతున్నారో ఆయనకి అర్థం కాలేదు.